ఎదురులేని పుంజుకు ఎదురు

సంక్రాంతికి రెండు మూడు రోజుల ముందు 65వ నంబరు జాతీయ రహదారి మీద కార్లు సూర్యాపేట దాటి, కోదాడ మీదుగా సరిహద్దు దాకా బారులు తీరతాయి. సొంతూళ్లకు పోయేవాళ్లతోపాటు కోడిపందేల బరుల దగ్గరికి పోయేవాళ్లూ వాటిలో ఉంటారు. మిర్యాలగూడ నుంచి వెళ్లేవాళ్లకు వేరే దారి ఉంది. దామరచర్ల దాటి, మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లి దగ్గర వంతెన ఎక్కితే అవతలి ఒడ్డు పల్నాడు. కోడిపందెం మీద తెలుగువాళ్లకున్న అతిపెద్ద కథ పుట్టిన నేల అది.

ఆ కథను రాజ్యం పోగొట్టుకున్న కథగానే అందరూ చెప్పుకుంటారు. పందెగాళ్ల కంటితో చూస్తే అందులో ఇంకో ప్రశ్న కనబడుతుంది. ఎదుటివాడి చేతిలో ఓటమి ఎరుగని పుంజు ఉంటే ఏం చేయాలి?

12వ శతాబ్దం చివరి మాట ఇది. సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రిలో రేచర్ల నాయకులు ఊరు కట్టి, చెరువు తవ్వించి, గుళ్లు లేపుతున్న కాలానికి కాస్త అటూ ఇటూ. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు, ఇద్దరూ సవతి తల్లుల బిడ్డలు. నలగామరాజు వెనుక నాయకురాలు నాగమ్మ, మలిదేవరాజు వెనుక బ్రహ్మనాయుడు. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచిపోవాలని పందెం. బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు, నాగమ్మది శివంగిడేగ. చిట్టిమల్లు బలం ముందు ఏ పుంజూ ఆగదని, నాగమ్మ ఉపాయంతో గెలిచిందని కథకులు పాడతారు. ఆ ఉపాయం ఏమిటన్నది మాత్రం పాడేవాళ్లను బట్టి మారుతుంది. ఏడేళ్లు గడిచినా మలిదేవరాజుకు రాజ్యం తిరిగి రాలేదు. 1182 ప్రాంతంలో కారంపూడి దగ్గర, నాగులేటి ఒడ్డున యుద్ధం జరిగింది. శ్రీనాథుడు దాన్ని ద్విపదలో పల్నాటి వీరచరిత్రగా రాశాడు. కారంపూడిలో ఇప్పటికీ ఏటా అయిదు రోజులు వీరుల ఉత్సవం చేస్తారు. ఆ రోజుల పేర్లు వరుసగా రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. నాలుగో రోజు కోడిపోరుదే.

ఎదురులేని పుంజుకు నాగమ్మ జవాబు ఉపాయం. అంతకంటే పాత జవాబు, నిజానికి అన్నిటికంటే నిజాయితీ గల జవాబు, సరిజోడు చూడడం. పల్నాటి పోరుకు చాలా ముందే దండి సంస్కృతంలో రాసిన దశకుమార చరిత్రలో ప్రమతి అనే కుమారుడు దారిలో ఒక సంతలో కోడిపందెం చూస్తాడు. ఒక పుంజుది నారికేళ జాతి, రెండోదానిది బలాక జాతి. రెండూ సరిజోడు కావని చూడగానే పట్టేసి నవ్వుకుంటాడు. పక్కనున్న ముసలి బ్రాహ్మణుడు, మాట్లాడకుండా ఊరుకొమ్మని అతన్ని వారిస్తాడు. జాతి చూసి ఫలితం చెప్పగల నేర్పు ఒకరిది, ఆ సంగతి పైకి పొక్కనీయని లౌక్యం మరొకరిది. పందెం లోకం మొత్తం ఆ చిన్న ఘట్టంలో ఉంది. 13వ శతాబ్దంలో కేతన ఈ కావ్యాన్ని తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చాడు. తర్వాత వినుకొండ వల్లభరాయుడి పేర ఉన్న క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధుల కోడిపందెమూ ఉంది, పొట్టేళ్ల పోరూ ఉంది. పల్నాటి వీరుల కథ పాడే స్త్రీ కూడా అందులోనే కనిపిస్తుంది. అంటే కృష్ణకు అవతల జరిగిన పోరు, అప్పటికే ఇవతలి జనం నోట పాటై తిరుగుతున్నదన్నమాట.

కుక్కుట శాస్త్రం ఈ అనుభవమంతా పట్టికలుగా మార్చిన పుస్తకం. నల్లని ఈకలుంటే కాకి, తెల్లనివైతే సేతు, ఎర్రనివైతే డేగ. మెడ మీద నలుపూ తెలుపూ సమంగా ఉంటే పర్ల, నలుపే ఉంటే సవల. వీపు మీదో రెక్కల మీదో పసుపు ఉంటే నెమలి. ఎరుపూ బూడిదా కలిస్తే మైల. ఇంకా కౌజు, పింగళ, పూల, ముంగిస. ఏ వారం, ఏ నక్షత్రం, ఏ జాములో ఏ రంగు దేని మీద గెలుస్తుందో, బరిలోకి ఏ దిక్కు నుంచి దించాలో అందులో లెక్క ఉంటుంది. నక్షత్రానికీ కోడి కాలికీ సంబంధం లేదు, ఆ భాగం నమ్మకమే. కానీ ఆ లెక్క పందెగాడికి ఒక మంచి అలవాటు నేర్పింది. ఎంత గొప్పదైనా ఒక్క పుంజు మీదే ఆధారపడకూడదు, గంపల కింద నాలుగైదు రంగులు సిద్ధంగా ఉండాలి, ఎదుటివాడు దించేదాన్ని బట్టి ఏది దించాలో తేల్చుకోవాలి.

అసలు పరీక్ష చేతుల్లో ఉంది. అనుభవమున్నవాడు పుంజు రొమ్ము కింద అరచేయి పెట్టి ఎత్తుతాడు. బరువు ముందుకు తూగుతోందా వెనక్కి తూగుతోందా చూస్తాడు. తొడ కండ నొక్కుతాడు, రెక్క విప్పి ఈకలు చూస్తాడు, కాలి పొలుసుల మీద బొటనవేలు నడిపిస్తాడు, కంట్లోకి చూస్తాడు. ఇదంతా అయ్యాకే రంగు మాట.

ఎదుటివాడికి ఈ చూపు దక్కకుండా చేయడం మూడో జవాబు. చూపుడు పందెంలో పుంజుల్ని ముందే చూపించుకుని జోడీ కడతారు. ముసుగు పందెంలో ముసుగు తీసేదాకా ఎవరి ఎదుట ఏ పుంజు ఉందో తెలియదు. పేరుమోసిన పుంజును చూసి దానికి తగినదాన్ని ఏరుకునే వీలు అక్కడ ఉండదు. దానికి దొరికే సులువైన జోడీ కూడా ముందే ఖాయం కాదు.

కోదాడ కాలేజీ కుర్రాడు సెల్‌ఫోన్‌లో పోకేమాన్ ఆడుతుంటే, తాతల లెక్కే తాను వేస్తున్నానని అతనికి తట్టకపోవచ్చు. 1996లో జపాన్‌లో మొదలైన ఈ ఆటలో రకరకాల జీవాల్ని పోటీకి దించుతారు. నీటి రకం నిప్పు రకాన్ని గెలుస్తుంది, నిప్పు ఆకును, ఆకు నీటిని. మొదటి ఆటల్లో మనశ్శక్తి రకానికి గట్టి విరుగుడే లేకపోయింది. అందుకని 1999లో చీకటి, ఉక్కు అనే కొత్త రకాలు తెచ్చారు. 2010 నాటి ఆటల్లో, పోటీకి ముందే ఎదుటివాడి ఆరు జీవాల్నీ చూసే పద్ధతి వచ్చింది. ముసుగు పందెం చూపుడు పందెంగా మారిందన్నమాట. ఎదుటి జట్టులో ఎదురులేని దాడిగాడు ఉంటే, నేర్పున్న ఆటగాడు అంత బలమైన దాడిగాడినే తెచ్చి ఢీకొట్టించడు. దాని దెబ్బ ఓర్చుకునేదాన్ని ఒకటి, దానికంటే ముందుగా కొట్టగలిగేదాన్ని ఒకటి జట్టులో ఉంచుకుంటాడు. దెబ్బ ఏ రకానిదో కనిపెట్టి, సమయానికి జీవాన్ని మారుస్తాడు.

బరిలో ఈ నేర్పును మింగేసింది కత్తి. కత్తి కట్టని డింకీ పందెంలో జాతి, బరువు, దమ్ము, తర్ఫీదు తేలేదాకా పోరు సాగుతుంది. కాలికి కత్తి కట్టాక నిమిషాల్లో తేలిపోతుంది, మేలు జాతి పుంజు కూడా ఒక్క పొరపాటు వేటుకు కూలిపోతుంది. ఎదురులేని పుంజుకు అన్నిటికంటే చవక జవాబు కత్తే, అందుకే అది గెలిచింది. డబ్బు పందేలు పెరిగాయి, సరిజోడు చూసే ఓపిక పోయింది. మూగజీవాల చావు లెక్కలోకి రాకుండా పోయింది. 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా లొత్తునూరులో పందేనికి తెచ్చిన పుంజు కాలి కత్తి తగిలి దాన్ని తెచ్చిన మనిషే ప్రాణం పోగొట్టుకున్నాడు.

1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం జంతువుల పోరు పెట్టడం నేరం. 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు కోడిపందేలను అడ్డుకొమ్మని ఆదేశించింది. ఆ నిషేధం న్యాయమైనది, ఇంకా గట్టిగా అమలు కావాలి. కానీ పందెంతోపాటు పోకూడనివి రెండున్నాయి. ఒకటి, తరాల తరబడి మేపి నిలబెట్టిన దేశవాళీ పుంజు జాతులు. రెండోది, ఈకను చూసి పేరు పెట్టి, చేత్తో పట్టి దమ్ము అంచనా వేసే ఆ మాటల సంపద. వాడపల్లి నుంచి కోదాడ దాకా ఊళ్లలో ఆ మాటలు తెలిసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. సూర్యాపేట, మిర్యాలగూడ కాలేజీల్లో చరిత్ర, తెలుగు చదువుతున్న పిల్లలు సంక్రాంతి సెలవుల్లోనే వాళ్ల దగ్గర కూర్చుని అవన్నీ రాసుకోవాలి.