వార్డు హద్దులు: టస్కీగీ ఊరి చరిత్ర

వార్షిక సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం రాయమని సొసైటీ కార్యదర్శి గారు కోరినప్పుడు, నేను నవాబుల సంగతో కోటల సంగతో రాస్తానని అందరూ అనుకొని ఉంటారు. నాకు మాత్రం మా ఊరి పంచాయతీ బోర్డు మీద అంటించిన ఒక కాగితం గుర్తుకొచ్చింది. ఉర్దూ మీడియం పంతులుని, తెలుగులో తప్పులు దొర్లితే పెద్దలు మన్నించగలరు.

కిందటిసారి పంచాయతీ ఎన్నికలకు ముందు మా ఊళ్ళో వార్డుల హద్దులు మార్చారు. ముసాయిదా కాగితం బోర్డు మీద పెట్టారు. మా వీధిలో నేను చాచా అని పిలిచే పెద్దాయన ఒకరున్నారు. "బేటా, అదేందో కాస్త చదివి చెప్పు" అన్నారు. పరీక్ష పేపర్లు దిద్దుకునే రోజులు. రేపు చూద్దాం చాచా, అన్నాను. ఆ రేపు గడువు దాటిన తర్వాత వచ్చింది. తీరా చూస్తే మా వీధికి ఎడమ పక్క ఇళ్ళు ఒక వార్డులో, కుడి పక్క ఇళ్ళు ఇంకో వార్డులో ఉన్నాయి. మధ్యలో పారే మురికి కాలువ ఎవరిదో ఈనాటికీ తేలలేదు. ఈ మెంబరును అడిగితే ఆ మెంబరు దగ్గరికి పొమ్మంటాడు, ఆయనేమో తిరిగి ఈయన దగ్గరికి పంపుతాడు. వానాకాలంలో నీళ్ళకు మాత్రం వార్డు తేడా లేదు, రెండు పక్కలా గడపలెక్కుతాయి.

ఓటర్ల జాబితాలోంచి ఎవరి పేరూ తీసెయ్యలేదు. గీత ఒక్కటే జరిగింది. గీత జరిగితే ఎంత దూరం పోతుందో తెలియాలంటే అమెరికాలో, అలబామా రాష్ట్రంలోని టస్కీగీ అనే ఊరి చరిత్ర తెలుసుకోవాలి.

అది పత్తి పండే పల్లె ప్రాంతం. 1881లో బుకర్ టి. వాషింగ్టన్ నల్లవారి కోసం అక్కడ నడపసాగిన బడి తరువాత పెద్ద విద్యాసంస్థ అయ్యింది. ఊళ్ళో నల్లవారే ఎక్కువ. అయినా ఓటరుగా నమోదు కావడమంటే వారికి గగనమే. అధికారులు దొరికేవారు కారు, దొరికితే ప్రశ్నల మీద ప్రశ్నలు. అన్నీ ఓర్చుకొని 1957 నాటికి సుమారు 400 మంది ఓటర్లయ్యారు. తెల్లవారి ఓట్లు సుమారు 600. ఇంకొన్నాళ్ళు పోతే లెక్క తారుమారవుతుందని ఊరి పెద్దలకు గుబులు పుట్టింది.

ఆ ఏడే రాష్ట్ర శాసనసభ 140వ నంబరు స్థానిక చట్టం చేసి ఊరి పొలిమేర మార్చేసింది. అంతవరకు పలకలాగా చదరంగా ఉన్న ఊరు 28 పక్కల వంకర టింకర ఆకారమయ్యింది. ఆ 400 మందిలో నలుగురైదుగురు తప్ప అందరూ ఊరి బయట పడ్డారు. తెల్లవారిలో ఒక్కరూ పడలేదు. వాషింగ్టన్ గారి విద్యాసంస్థ కూడా బయటే! అయినా ఆ చట్టంలో నలుపు తెలుపు అన్న మాటే లేదు సుమండీ, వట్టి కొలతలు, దిక్కులు.

ఎదురు నిలిచినవారు మాబోటి ఉపాధ్యాయులే. చార్లెస్ గోమిలియన్ ఆ విద్యాసంస్థలో సమాజశాస్త్రం బోధించేవారు, పౌరసంఘానికి అధ్యక్షులు. 1957 జూన్ నుంచి నల్లవారు ఊళ్ళో తెల్లవారి దుకాణాలలో సరుకులు కొనడం మానేశారు. కొన్ని దుకాణాలు మూతపడ్డాయి. తర్వాత కోర్టుకెక్కారు. జిల్లా కోర్టు కొట్టేసింది, అప్పీలు కోర్టూ అంతే. సుప్రీంకోర్టులో వాదించిన ఫ్రెడ్ గ్రే అనే వకీలుకు అప్పటికి ముప్పై ఏళ్ళు నిండలేదు. పాత చదరం, దాని లోపల కొత్త 28 పక్కల బొమ్మ ఉన్న పటం కోర్టు ముందుంది. ఆ పటం చూశాక వేరే సాక్ష్యం అడగాలా?

1960 నవంబరు 14న తీర్పు వచ్చింది. రాసినవారు జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్. ఎన్నికల హద్దుల గొడవల్లో కోర్టులు తలదూర్చరాదని 1946లో చెప్పినది ఈయనే! కాని ఇక్కడ ఆరోపణలు రుజువైతే చట్టం చెల్లదని, హద్దులు గీసే అధికారం పేరుతో జాతిని బట్టి ఓటు లాక్కోరాదని రాశారు. న్యాయమూర్తులెవరూ విభేదించలేదు. 1961లో జిల్లా కోర్టు ఆ చట్టాన్ని రద్దు చేసింది.

ఇది చదివి మనవాళ్ళు "అయితే కోర్టులో చూసుకుందాం" అంటారు. అక్కడే పొరపాటు. 1993 ఏప్రిల్ 24న అమలుకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణలో 243-సి అధికరణం, వార్డులలో జనాభా వీలైనంతవరకు సమానంగా ఉండాలంటుంది. 243-ఓ అధికరణం, ఆ విభజన చట్టాల చెల్లుబాటును కోర్టులో ప్రశ్నించరాదంటుంది. ఉత్తరప్రదేశ్ పంచాయతీల కేసులో 1995లో మన సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. విభజనకు ముందు అభ్యంతరాలు పిలవకపోతేనో, వినకపోతేనో తప్ప కోర్టు తలుపు తెరుచుకోదని ఆ తీర్పు అంది. గోమిలియన్ గారు గీత గీసేసిన మూడేళ్ళకు గెలిచారు. మనకు ఆ వీలు బహు తక్కువ, కాగితం బోర్డు మీద ఉన్న ఆ కొద్దిరోజులే మన కాలం. నేను పేపర్లు దిద్దుకున్నది ఆ రోజుల్లోనే.

మారిన ప్రతి హద్దూ కుట్ర అని నేననను. ఊరు పెరుగుతుంది, ఒక వార్డు బరువెక్కుతుంది, సరిచెయ్యక తప్పదు. ఒక వీధిని రెండుగా కోస్తే నష్టమే, ఒక జనాన్నంతా తెచ్చి ఒకే వార్డులో కుక్కినా నష్టమే. "మాకు అన్యాయం జరిగింది" అని రాస్తే దరఖాస్తు కట్టలో పడి ఉంటుంది. ఏ ఇంటి నంబరు నుంచి ఏ ఇంటి నంబరు దాకా, ఎన్ని ఓట్లు, గీత ఏ రోడ్డు వెంట పోతే రెండు వార్డులూ సమానమవుతాయి, ఇవి రాసి, పటం గీసి ఇచ్చి, ముట్టినట్టు రసీదు తీసుకోవాలి.

మా వీధి కుడి పక్కన కుమ్మరివారి ఇళ్ళున్నాయి. వాళ్ళ గడపలెక్కే నీళ్ళూ అవే. మొన్న ఆదివారం చాచా, నేను, వాళ్ళబ్బాయి ఒకడు కలిసి రెండు పక్కలా తిరిగి ఇంటి నంబర్లు రాసుకొచ్చాం. మొత్తం 64 ఇళ్ళు. ఒక ఇంటికి నంబరు పలక ఊడిపోయింది, అది పంచాయతీ రిజిస్టరులో చూసుకోవాలి.