రారిటన్ ఒడ్డున గుర్రాలు

న్యూజెర్సీ రాష్ట్రంలో రారిటన్ నది ఉత్తరపు గట్టున పిస్కాటవే అనే ఊరు ఉంది. ఈనాడు అక్కడ ఆంధ్ర, తెలంగాణల నుంచి కంప్యూటర్ ఉద్యోగాలకు వచ్చిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. బంధువుల ఇంట కొన్నాళ్ళు ఉండే అవకాశం నాకు కలిగింది. సాయంకాలాలు నది పక్కనున్న జాన్సన్ పార్కులో నడిచేవాణ్ణి. బండిపందెపు గుర్రాల తర్ఫీదు కోసం ఆ పార్కులో ఒక మట్టిబాట వేశారు. దానికి ఎదురుగా మిట్ట మీద ఎర్రరాతి మేడ ఒకటి కనిపిస్తుంది. కార్నీలియస్ లో అనే వర్తకుడు 1741లో కట్టుకున్న ఇల్లు అది. ఇప్పుడది కౌంటీ మ్యూజియం.

చెరకు తోటల సంతతివారమైన మన పత్రికలో అమెరికా గుర్రాల కథ ఎందుకని పాఠకులు అడగవచ్చు. చక్కెర వల్ల వచ్చింది ఈ కథ.

పిస్కాటవేలో తెల్లవారు స్థిరపడింది 1666లో. న్యూ హాంప్‌షైర్ ప్రాంతపు పిస్కటాక్వా నది దగ్గర నుంచి వచ్చిన కొందరు తమ పాత ఊరి పేరునే దీనికి పెట్టుకున్నారు. మన మారిషస్‌లోనూ, నటాల్‌లోనూ పెద్దలు ఊరి పేర్లు వెంట తెచ్చుకున్నట్టే కాని, వారికి ఆ పేరును పటం మీదికెక్కించే అధికారం ఉండేది, మనవారికి లేదు. వచ్చినవారు అడవి కొట్టి గోధుమ, మొక్కజొన్న వేశారు. నదిలో పడవ పోగలిగినంత ఎగువన ఒక రేవు వెలిసింది. దాన్ని రారిటన్ లాండింగ్ అన్నారు. లోపలి పల్లెల నుంచి ధాన్యం బండ్ల మీద అక్కడికి దిగేది. అక్కడి నుంచి పిండి, రొట్టె, ఉప్పుమాంసం, కలప పడవల మీద న్యూయార్కు చేరి, వెస్ట్ ఇండీస్ దీవులకు పోయేవి. మిట్ట మీది ఆ రాతి మేడ ఈ వర్తకం కట్టిన మేడ.

వెస్ట్ ఇండీస్‌కు ఇన్ని తిండిసరుకులు ఎందుకు? బార్బడోస్, జమైకా వంటి దీవుల్లో భూమినంతా చెరకుకే పెట్టారు. బానిసలకు తిండి, పీపాలకు కలప, గానుగకు పశువు, అన్నీ బయటి నుంచి రావలసిందే. ఈస్ట్ జెర్సీ నుంచి, న్యూ ఇంగ్లండ్ నుంచి ఓడలెక్కిన సరుకుల్లో బతికున్న గుర్రాలు కూడా ఉన్నాయి. రోడ్ ఐలండ్‌లో నారగాన్సెట్ పేసర్ అని ఒక జాతి ఉండేది. కుదుపులేని నడకకు పేరుపడ్డ గుర్రం. దాన్ని దీవుల దొరలు ఎగబడి కొన్నారు. ఆ జాతి 19వ శతాబ్దంలో పూర్తిగా అంతరించింది. అంత మెప్పుపొందిన గుర్రం అలా అంతరించడానికి దీవులకు అమ్ముడుపోవడం కూడా ఒక కారణమని చెబుతారు.

దొర స్వారీకి వెళ్ళిన గుర్రం అదృష్టవంతురాలు. గానుగకు వెళ్ళినదాని సంగతి వేరు. పాత చెరకు గానుగలో మూడు రోలర్లు నిలువుగా ఉండేవి. నడిమి రోలరుకు పొడుగాటి దూలాలు బిగించి, వాటికి గుర్రాలను, ఎద్దులను, కంచరగాడిదలను కట్టి గుండ్రంగా తిప్పేవారు. నరికిన చెరకు ఒకటి రెండు రోజుల్లో ఆడకపోతే పులిసిపోతుంది. అందుచేత కోతల కాలంలో గానుగ రాత్రింబగళ్ళు తిరిగేది, పశువులను వంతులవారీగా మార్చేవారు. మన దేశంలో గానుగెద్దు అనే మాట మనిషి బతుకుకు కూడా వాడతాం. ఆ దీవుల్లో రోలర్ల మధ్యకు చెరకు అందించే బానిస చేయి అందులో చిక్కుకుంటే నరికివేయడానికి పక్కనే గొడ్డలి ఉంచేవారట. దూలానికి కట్టిన గుర్రం ఎక్కడ పెరిగిందని అక్కడ ఎవరు అడుగుతారు? రారిటన్ ఒడ్డున ఎవరి దొడ్లోనో పాలు తాగిన పిల్ల కావచ్చు అది.

ఆ దొడ్లో దానికి మేత వేసిన చేయి కూడా తరచుగా బానిసదే. బానిసత్వం దక్షిణాది రాష్ట్రాల సంగతేనని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. న్యూజెర్సీ చట్టసభ 1804లో ఒక చట్టం చేసింది. ఆ ఏడు జూలై 4 తరువాత పుట్టిన బానిస పిల్లల్లో ఆడవారు 21 ఏళ్ళు, మగవారు 25 ఏళ్ళు యజమానికి చాకిరీ చేస్తే స్వతంత్రులవుతారు. తల్లులకు ఆ విముక్తి కూడా లేదు. గడువు పెట్టిన దాస్యం అనగానే మనకు మన గిర్మిటు గుర్తుకు వస్తుంది. మన పెద్దల గడువు 5 సంవత్సరాలు. అయితే వారు పుట్టుకతో కాక వేలిముద్రతో అందులో పడ్డారు. రెండూ ఒకటని నేననను.

ఇక మన పూర్వుల దేశంలో గుర్రం సంగతి. తెలుగు రైతు బతుకంతా ఎద్దుతోనే గడిచింది. గుర్రం రాజుల సొత్తు. కాకతీయుల కాలంలో అశ్వబలాన్ని చూసే అధికారికి సాహిణి అని బిరుదు. గంగయ సాహిణి అనే కాయస్థ నాయకుడి పేరు శాసనాల్లో ఉంది. మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద హయలక్షణసారమని తెలుగు కావ్యమే రాశాడు. ఎంత శాస్త్రమున్నా మంచి గుర్రం మాత్రం సముద్రం దాటి అరేబియా, పర్షియాల నుంచి రావలసిందే. పాండ్య దేశంలో గుర్రాలకు లాడం కొట్టేవాడు లేడని, వర్తకులు కావాలనే లాడం కొట్టేవారిని అక్కడికి రానివ్వరని, గుర్రాలు చస్తేనే మళ్ళీ అమ్మకం సాగుతుందని మార్కోపోలో రాశాడు. సాళువ నరసింహరాయలు ఓడలో చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపినా వెల చెల్లించేవాడని, శ్రీకృష్ణదేవరాయలు ఏటా 13,000 హోర్ముజు గుర్రాలు కొనేవాడని నూనిజ్ రాశాడు. నూనిజ్ తానే గుర్రాల వర్తకుడు కనుక ఆ లెక్కను కొంచెం తగ్గించి చదువుకోవాలేమో.

అంత సొమ్మూ రైతు కట్టిన పన్నే. రైతుకు గుర్రంతో ఉన్న సంబంధం ఉలవల దగ్గరే. చేలో పండిన ఉలవలు గుగ్గిళ్ళై కోట గుర్రానికి పోయేవి. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్న సామెత ఊరికే పుట్టలేదు.

కోరంగి, విశాఖపట్నం రేవుల మీదుగా మారిషస్‌కు వచ్చిన మన పెద్దలు అక్కడా గుర్రాన్ని కిందనుంచే చూశారు. చెరకు సాళ్ళ మధ్య వంగి పనిచేసేవాడికి ముందు వినిపించేది డెక్కల చప్పుడు. తరువాత కనిపించేది బూటు. మా తాతకు గుర్రమంటే దొర గుర్రమే, వేరే గుర్రం ఆయన మాటల్లో లేదు. పోర్ట్ లూయీలో 1812లో కర్నల్ డ్రేపర్ షాన్ ద మార్స్ పందెపు మైదానం తెరిచాడు. దీవిని గెలిచిన ఇంగ్లీషువారికి, ఓడిన ఫ్రెంచివారికి పొత్తు కుదర్చడానికి ఆ పందాలు ఒక ఉపాయం. తరువాతి కాలంలో మనవారూ పందాల రోజున బండ్లు కట్టుకుని వెళ్ళి, కొండవాలున కూర్చుని చూశారు. పందెం కాసినవారూ లేకపోలేదు. గుర్రానికి ఆసామి అయినవాడు మాత్రం చాలాకాలం కనిపించడు.

దొరలు తోటల అంచుభూములను ముక్కలు చేసి అమ్మడం మొదలుపెట్టాక మనవాళ్ళు రూపాయి రూపాయి కూడబెట్టి కొద్దికొద్ది నేల కొన్నారు. నేల తరువాత కొన్నది పశువును. సరిగ్గా అప్పుడే, 1902 ప్రాంతంలో, సుర్రా అనే తెగులు మారిషస్‌లో ప్రబలింది. ఇది గుర్రాలకు, కంచరగాడిదలకు, ఎద్దులకు ఈగ కాటు వల్ల అంటే జ్వరం. దీని క్రిమిని 1880లో పంజాబు ప్రాంతంలో గ్రిఫిత్ ఇవాన్స్ అనే పశువైద్యుడు కనుగొన్నాడు. అది మన దేశం నుంచి వచ్చిన పశువులతోనే దీవికి చేరింది. పశువులు వేలల్లో చచ్చాయి. పెద్ద తోటలవారు ప్రభుత్వపు అప్పుతో చిన్న రైలుపట్టాలు వేసుకుని చెరకు లాగించుకున్నారు. జత ఎద్దులే ఆస్తిగా ఉన్న చిన్న రైతుకు పట్టాలు ఎవరు వేస్తారు? చరిత్ర పుస్తకాలు ఈ ఘట్టాన్ని యంత్రాల రాక అని ఒక వాక్యంలో దాటేస్తాయి.

ఫిజీలో కథ కొంచెం మేలు. అక్కడ 1920లో గిర్మిటు ఒప్పందాలు రద్దయ్యాక చక్కెర కంపెనీ తన తోటలను సుమారు పదేసి ఎకరాల మడులుగా విడగొట్టి కౌలుకిచ్చింది. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా వెళ్ళిన తెలుగువారిలో చాలామంది అలా కౌలుదారులయ్యారు. ఎద్దుల జతతో పాటు ఊరికీ సంతకీ తిరగడానికి గుర్రాన్ని కూడా పెంచుకున్న ఇళ్ళు అక్కడ ఉండేవి. జీను లేకుండా గోనెపట్టా వేసుకుని బడికి పోయిన పిల్లలూ ఉన్నారు. పదేళ్ళ కిందట దొర ఎక్కిన జంతువు మీద కూలి కొడుకు ఎక్కడం మామూలు మార్పు కాదు.

ఇటువంటి ఉదంతమే ఒకటి పిస్కాటవేకు ఉత్తరాన, న్యూయార్కు రాష్ట్రపు ఆరెంజ్ కౌంటీలో జరిగింది. అక్కడ షుగర్ లోఫ్ అనే పల్లె ఉంది. చక్కెర దిమ్మ అని అర్థం, కొండ ఆకారాన్ని బట్టి వచ్చిన పేరు. అక్కడ 1849లో విలియం రిస్డిక్ అనే పాలేరు తన యజమాని దగ్గర ఒక కుంటి ఆడగుర్రాన్ని, దాని పిల్లను కలిపి 125 డాలర్లకు కొన్నాడు. ఆ పిల్ల పేరు హాంబుల్‌టోనియన్. పెద్దదయ్యాక దాన్ని దాటించినందుకు తీసుకొనే రుసుము 25 డాలర్ల నుంచి 500 డాలర్లకు పెరిగింది. 1876లో చనిపోయేలోగా దానికి 1300కు పైగా పిల్లలు పుట్టాయి. అమెరికాలో బండిపందాలకు పరిగెత్తే స్టాండర్డ్‌బ్రెడ్ జాతి గుర్రాలు దాదాపు అన్నీ దాని వంశమే. దాని పూర్వుడు మెసెంజర్‌ను 1788లో ఇంగ్లండు నుంచి ఫిలడెల్ఫియాలో దించారు, న్యూజెర్సీలోనూ కొంతకాలం ఉంచారు. 1879లో ఈ జాతికి ప్రమాణం పెట్టారు. మైలు దూరాన్ని 2 నిమిషాల 30 సెకన్లలో దాటగలగాలి. ఆ ప్రమాణమే జాతికి పేరైంది. కులమూ గోత్రమూ అడగకుండా పరుగును చూసి చిట్టాలో చేర్చుకున్న జాతి ఇది. తరువాత తరువాత పుట్టుకే చూడడం మొదలుపెట్టారనుకోండి.

న్యూజెర్సీలో ఇటువంటి గుర్రాన్ని పెంచినవారిలో చాలామంది సొంత పొలంలో ఇంటిల్లిపాదీ పాటుపడే రైతులే. ఆ పని ఎలా ఉంటుందో మన పాఠకులకు చెప్పాలి. ఆడగుర్రం సుమారు 11 నెలలు మోస్తుంది. ఎక్కువగా రాత్రిపూట ఈనుతుంది కనుక ఆ వారాల్లో ఇంట్లో ఎవరో ఒకరికి నిద్ర ఉండదు. పిల్ల గంట రెండు గంటల్లో లేచి నిలబడాలి. అయిదారు నెలలకు తల్లి పాలు మాన్పిస్తారు. వెయ్యి పౌన్ల గుర్రం రోజుకు 15 నుంచి 20 పౌన్ల ఎండుగడ్డి తింటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి డెక్కలు చెక్కించాలి. మేతకు తలకు ఎకరం, రెండెకరాలు పచ్చిక ఉంటే మంచిది. శీతాకాలంలో తొట్టిలో నీళ్ళు గడ్డకడితే పగలగొట్టాలి, తాగే నీరు తగ్గితే గుర్రానికి కడుపునొప్పి వస్తుంది, అది ప్రాణం మీదికీ తెస్తుంది.

తర్ఫీదు పుట్టిన నాడే మొదలవుతుంది. మెడ నిమిరి, కాళ్ళు ఎత్తి పట్టి, మనిషి చేతికి అలవాటు చేస్తారు. ఏడాదిన్నర వయసుకు పట్టీలు, కళ్ళెం వేసి, పొడుగాటి పగ్గాలు పట్టుకుని మనిషి వెనకాలే నడుస్తాడు. ఆ తరువాతనే రెండు చక్రాల చిన్న బండి. రోజూ కొన్ని మైళ్ళు మెల్లగా పరుగెత్తిస్తారు. ఇందులో నాకు వింతగా తోచిన సంగతి ఒకటుంది. మెల్లగా నడిపే రోజున పందెపు దిక్కుకు ఎదురుగా తిప్పుతారు. వేగం కావలసిన రోజున సరైన దిక్కుకు తిప్పుతారు. ఏ దిక్కుకు తిప్పారో దాన్నిబట్టి ఈ రోజు పని ఏమిటో గుర్రానికే తెలిసిపోతుంది. కొరడా కన్నా ఇదే ఎక్కువ పనిచేస్తుంది. దొర గుర్రం మాత్రమే ఎరిగిన కుటుంబాల నుంచి వచ్చిన మనకు గుర్రాన్ని లొంగదీయడమంటే కొట్టడమే గుర్తొస్తుంది, కాని పొలం రైతు అలా చేస్తే ఆ గుర్రం పనికిరాకుండా పోతుంది.

రాష్ట్ర ముద్రలో 1777 నుంచీ గుర్రపు తల ఉంది. 1977లో గుర్రాన్ని రాష్ట్ర జంతువుగా కూడా ప్రకటించారు. రట్గర్స్ విశ్వవిద్యాలయంలో గుర్రాల శాస్త్రానికి ప్రత్యేక కేంద్రం ఉంది. గౌరవాలకు లోటు లేదు, నేలకే లోటు. పిస్కాటవేలో మిగిలిన పెద్ద కుటుంబ పొలాల్లో ఒకటి సుమారు 75 ఎకరాలది. దాన్ని ప్రజావసరం పేరిట టౌన్‌షిప్ స్వాధీనం చేసుకుంది. ఏళ్ళ తరబడి కోర్టుల్లో పోరాడి ఆ కుటుంబం 2006లో పొలం వదిలింది. ఇళ్ళ గుంపులు కట్టకుండా ఖాళీ నేలగా ఉంచడానికేనని టౌన్‌షిప్ వాదన, ఉన్న రైతును లేపి పచ్చిక కాపాడడమేమిటని వారి ప్రశ్న. నాకు రైతు మాటే సబబుగా తోచింది. అయితే మనవారు ఉంటున్న ఇళ్ళలో చాలా భాగం ఇటువంటి పొలాల మీదే లేచాయని కూడా చెప్పాలి. దక్షిణాన ఫ్రీహోల్డ్‌లో 19వ శతాబ్దం నుంచీ సాగిన బండిపందాల మైదానం 2024 డిసెంబరు 28న మూతపడింది. పందాలు తగ్గితే గుర్రపుపిల్లను కొనేవాడు ఉండడు, కొనేవాడు లేకపోతే పచ్చిక కూడా ప్లాట్లవుతుంది.

పాత రారిటన్ లాండింగ్ కొంత పార్కు కింద, కొంత హైవే కింద ఉంది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు తవ్వితే పునాదులు, పింగాణీ పెంకులు దొరికాయి. మారిషస్‌లో, ఫిజీలో, నటాల్‌లో మన పాత ఇళ్ళ చూరుల్లో ఇంకా గుర్రపు లాడాలు ఉండవచ్చు, పెట్టెల అడుగున గుర్రం పక్కన నిలబడి తీయించుకున్న ఫోటోలు ఉండవచ్చు. ఆ గుర్రం ఎవరిదో చెప్పగల పెద్దలు ఇంట ఉంటే, అడిగి రాసి ఈ పత్రికకు పంపండి.