గడియారం చూసి ఇచ్చిన దవా

కేన్సర్ మరీజు నొప్పితో కేకలు పెట్టాకే సూది వేయాలి. డెబ్భై ఎనభై ఏళ్ళ కిందట లండన్‌లోని పెద్ద దవాఖానాల్లో కూడా ఇదే దస్తూర్. మార్ఫిన్ ఎక్కువిస్తే అలవాటు పడిపోతారని డాక్టర్ల ఖౌఫ్. ఇంకాసేపు ఓర్చుకోండి అని నర్సుల బుజ్జగింపు. ఈ దస్తూర్‌ని మార్చిన మనిషి సిసిలీ సాండర్స్. దునియా ఆమెను డాక్టరుగానే యాద్ చేసుకుంటుంది. కానీ నా లెక్కలో ఆమె చేసిందంతా ఒక నర్సు మంచం పక్కన నిలబడి చూసిన దానికి జవాబే.

1918లో పుట్టిన సిసిలీ ఆక్స్‌ఫర్డ్ చదువు మధ్యలో వదిలేసి, జంగ్ రోజుల్లో, 1940లో సెయింట్ థామస్ దవాఖానాలోని నైటింగేల్ నర్సింగ్ స్కూల్లో చేరింది. నడుంనొప్పి ఆ పనిని సాగనివ్వలేదు. మరీజులను లేపి కూర్చోబెట్టే శక్తి లేక, వాళ్ళ ఇంటి కష్టాలు కనుక్కునే దవాఖానా ఉద్యోగానికి మారింది.

అక్కడ డేవిడ్ టాస్మా కలిశాడు. పోలండ్ నుంచి వచ్చిన యూదుడు, హోటల్లో వెయిటరు, వయసు నలభై. నా అనేవాళ్ళు లేరు, కేన్సర్ ముదిరిపోయింది. ఆమె అయాదత్‌కు వెళ్ళినప్పుడల్లా, ఇలాంటివాళ్ళు ప్రశాంతంగా కన్నుమూసే ఇల్లొకటి ఉంటే ఎలా ఉండాలని ఇద్దరూ మాట్లాడుకునేవారు. 1948లో అతను పోతూ 500 పౌండ్లు ఆమెకు రాసిచ్చాడు. నువ్వు కట్టే ఇంట్లో నేనొక కిటికీనవుతానన్నాడట. ఇల్లు లేదు, జమీన్ లేదు, కిటికీ మాత్రం వచ్చేసింది!

ఆ తర్వాత ఆమె సాయంత్రాలు సెయింట్ లూక్స్ అనే చోట జీతం లేని ఖిద్మత్‌కు వెళ్ళింది. అక్కడి నర్సులు నొప్పి వచ్చేదాకా ఆగడం లేదు. గడియారం చూసి, వేళకు, నోటిద్వారా మార్ఫిన్ ఇస్తున్నారు. మరీజులు మత్తులో పడి ఉండటం లేదు, మాట్లాడుతున్నారు. ఈ తరీఖా మిగతా దవాఖానాలకూ చేరాలనుకుంది. నర్సుగా చెబితే ఎవరూ వినరు, వెళ్ళి డాక్టరీ చదువు అన్నాడు ఆమె ఎరిగిన సర్జన్ ఒకాయన. ముప్పై మూడేళ్ళ వయసులో మెడికల్ కాలేజీలో చేరి, 1957లో పూర్తి చేసింది.

1958 నుంచి హాక్నీలో కేథలిక్ సిస్టర్లు నడిపే సెయింట్ జోసెఫ్స్‌లో ఆమె తహ్‌కీక్ సాగింది. వెయ్యికి పైగా మరీజుల వివరాలు ఒక్కొక్కటిగా కార్డుల మీద ఎక్కించింది. కొందరి మాటలు టేపులో పట్టింది. వేళకు మందిస్తే డోసు అంతకంతకూ పెంచుకుంటూ పోనక్కర్లేదని, జనం భయపడే ఆ లత్ పట్టుకోవడం లేదని ఆ కార్డులు చూపించాయి. ఇంకొకటి కూడా దొరికింది. ఒళ్ళు నొప్పి ఒక్కటే కాదు, పిల్లల ఫికర్, డబ్బు ఫికర్, మౌత్ భయం అన్నీ కలిసి ఒకే దర్ద్‌గా బాధపెడతాయి. దీన్నే ఆమె ‘సంపూర్ణ నొప్పి’ అంది.

1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పైస్ తెరుచుకుంది, టాస్మా కిటికీతో సహా. కిటికీ చుట్టూ ఇల్లు కట్టడానికి పంతొమ్మిదేళ్ళు పట్టిందన్నమాట. 1969కల్లా అక్కడి నర్సులు మరీజుల ఇళ్ళకే వెళ్ళడం మొదలుపెట్టారు. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ నొప్పికి ఇచ్చిన సలహాలో నోటిద్వారా, వేళ తప్పకుండా అనే రెండు మాటలూ ఉన్నాయి.

ఇక మన సంగతి. మార్ఫిన్ తయారయ్యే అఫీమ్ మన దేశంలోనే సర్కారీ లైసెన్సుతో పండుతుంది. అయినా 1985 నాటి మత్తుమందుల చట్టం కట్టుబాట్లతో మన మరీజులకే దొరకడం కష్టమైంది. 2014లో చట్టాన్ని సవరించారు. చట్టం సడలినా ఇంట్లోవాళ్ళ మనసు సడలలేదు. మార్ఫిన్ అనగానే నషా అంటాం, ఇక ఆఖరి ఘడియే అనుకుంటాం. అమ్మీ పళ్ళు బిగపట్టి పడుకుంటే సబర్ అని మెచ్చుకుంటాం. నొప్పికి దవా తీసుకుంటే సబర్ ఎక్కడ పోతుందో నాకైతే అర్థం కాదు.

హైదరాబాద్‌లో మెహదీ నవాజ్ జంగ్ పేరున్న కేన్సర్ దవాఖానాలో నొప్పి తగ్గించే విభాగం ఉంది. కేరళలో 1993లో కాలికట్‌లో మొదలైన పని పక్కనున్న మలప్పురం జిల్లాకు పాకింది. అక్కడ ట్రైనింగ్ తీసుకున్న ఇరుగుపొరుగువాళ్ళు, టీచర్లు, దుకాణదారులు, గృహిణులు, నర్సుతో కలిసి మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్తారు. నర్సు పుండు కడిగి కట్టు కడుతుంటే, తోడొచ్చినవాళ్ళు ఇంట్లో బియ్యం ఉన్నాయా, పిల్లలు బడికి వెళ్తున్నారా అని వాకబు చేస్తారు.