తెల్లకణములను పిలిచెడి మాంసకృత్తు

పరిశోధనాగారపు ఫ్రీజరునుండి చిటికెనవ్రేలి కొనంత సీసాను పైకి తీసిన విద్యార్థికి తొలిచూపున నందులో నేమియు కనబడదు. పది మైక్రోగ్రాముల తెల్లని పొడి మూతకో గోడకో పలుచని పొరవలె నంటుకొని యుండును గనుక, మూత విప్పుటకు ముందే సెంట్రిఫ్యూజ్ యంత్రములో నించుకసేపు త్రిప్పి దానిని అడుగునకు దింపవలెను. ఆ జాగ్రత్త లేకున్న, విలువైన పదార్థము మూతతోడనే పోవును. సీసాపై అంటించిన చీటీలో అది పునస్సంయోజిత మానవ కీమోకైను అనియు, పరిశోధనకు మాత్రమే వాడదగిన దనియు వ్రాసియుండును.

ఓరుగల్లు కోటను చూచిన వారికి కీమోకైను చేయు పని సులభముగా బోధపడును. కాకతీయరాజు ప్రతాపరుద్రుడు కోటబురుజుల రక్షణను తన సేనానాయకులగు నాయంకరులకు పంచి యిచ్చెనని ఐతిహ్యము. ఏ బురుజుకడ శత్రువు పైబడెనో అచ్చటికే బలము కదలవలె ననిన ముందుగా కబురు చేరవలెను గదా! కాలిలో ముల్లు విరిగినప్పుడు, గాయమున సూక్ష్మజీవులు చొరబడినప్పుడు, ఆ చోటి కణములు నెత్తురులోని తెల్లకణములకు పంపెడి అట్టి కబురే కీమోకైను.

ఈ కబురును మానవుడు ఆలకించుటకు నూరేండ్లు పట్టినది. 1882లో మెస్సీనా నగరమున ఇల్యా మెచ్నికోవ్, గాజువలె పారదర్శకమైన నక్షత్రచేప పిల్లలో తోటముల్లు గ్రుచ్చి, మరునాటి వేకువన సూక్ష్మదర్శినిలో చూడగా, సంచారకణములు ముల్లు చుట్టును మూగియుండెను; ఆ కణముల శీలమును వివరించినందుకే 1908లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. కాని వానిని పిలిచిన దెవ్వరు? 1962లో స్టీఫెన్ బాయ్డెన్, సూక్ష్మరంధ్రములు గల వడపోత పొరను నడుమ నుంచి, పై గదిలో కణములను, క్రింది గదిలో పిలుచు ద్రవమును పోసి, పొరను దాటి వచ్చిన కణములను లెక్కించెడి ఉపాయమును కనిపెట్టెను. 1987లో అమెరికా, స్విట్జర్లాండ్, జర్మనీ శాస్త్రజ్ఞులు వేర్వేరుగా శోధించి పట్టుకొనిన ఇంటర్‌ల్యూకిన్-8 ఆ పిలుపులలో ప్రసిద్ధమైనది. నేడు మానవదేహమున సుమారు ఏబది కీమోకైను లెరుగబడినవి. ఎయిడ్స్ వైరసు కణములోనికి చొచ్చుటకు కీమోకైనును అందుకొనెడి గ్రాహకమునే ద్వారముగా చేసికొనుచున్నదని 1996లో వెల్లడియైన నాటినుండి ఈ శాస్త్రమునకు మరింత గౌరవము హెచ్చినది.

దేహద్రవములనుండి కీమోకైనును వడగట్టుట కష్టసాధ్యము, లభించునది లేశమాత్రము. 1973లో స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్ అనువారు ఒక జీవి జన్యువును వేరొక జీవిలో చేర్చి పెంచు పునస్సంయోజన విద్యను నెలకొల్పిన పిదపనే మార్గము సుగమమైనది. మానవ జన్యువును ఇ.కోలి బ్యాక్టీరియాలో నిలిపి, 37 డిగ్రీల వెచ్చదనమున పెంచి, కణములను పగులగొట్టి, ముద్దగట్టిన మాంసకృత్తును యూరియాలో కరగించి, మరల మెల్లగా దాని సహజాకృతికి మడవవలెను. బ్యాక్టీరియా గోడలోని విషము లవలేశము మిగిలినను, తెల్లకణములు దానికే ఉద్రేకించి ప్రయోగమును తప్పుదారి పట్టించును గనుక, శుద్ధియే ఈ విద్యకు ప్రాణము.

తెలుగునేలపై ఈ విద్య వేళ్లూనిన కథ ప్రత్యేకముగా స్మరింపదగినది. 1977లో హైదరాబాదున కణ, అణు జీవశాస్త్ర కేంద్రము ఏర్పడెను. జీవశాస్త్రమును చదువని ఇంజనీరైన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి, తల్లి పేరిట 1993లో శాంతా బయోటెక్నిక్స్‌ను స్థాపించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమునను ఆ కేంద్రమునను శాస్త్రజ్ఞుల శ్రమను కూడగట్టి, ఈస్టు కణములలో పండించిన హెపటైటిస్-బి టీకాను 1997 ఆగస్టులో దేశమున కందించెను. దిగుమతి టీకాకు మోతాదొక్కింటికి వందల రూపాయలు చెల్లించుచుండిన రోజులలో, అది సామాన్యుని చేతికందు ధరకు దిగివచ్చినది. 2002లో ఆ సంస్థయే, కీమోకైనులవలె కణముల కబురులగు సైటోకైనుల కుటుంబమునకు చెందిన ఇంటర్‌ఫెరాన్‌ను పునస్సంయోజిత విధానమున తయారుచేసెను. మానవ మాంసకృత్తును మన చేతులతో చేయలేమన్న సందేహము అంతటితో తీరినది.

అయినను పరిశోధనకు వచ్చెడి ఇట్టి చిన్న సీసాలపై పరదేశపు చిరునామాయే నేటికిని తరచుగా కనబడుచున్నది. ఈ కొరతను తీర్చుటకు ఓరుగల్లునకు విశేషమైన అర్హత కలదు. 1959లో వెలసిన కాకతీయ వైద్యకళాశాల, ఆ ఏడే నెహ్రూ శంకుస్థాపన చేసిన నాటి ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల (నేటి ఎన్.ఐ.టి.), 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయము, మూడును ఒక్క ఊరిలోనే యున్నవి. రోగిని చూచువాడు, యంత్రమును కూర్చువాడు, జన్యువును చదువువాడు ఇచ్చట పొరుగువారే. పెద్ద మాంసకృత్తులకు పెద్ద కర్మాగారములు కావలయును. ఇంటర్‌ల్యూకిన్-8 యన్ననో 72 అమైనో ఆమ్లముల చిన్న గొలుసు, చక్కెరల అలంకారము నపేక్షింపదు, సామాన్యమగు బ్యాక్టీరియాలోనే పండును. అభ్యాసమునకు ఇంతకన్న తగిన పాఠము లేదు.

కావున మన అధ్యాపకులకు సవినయముగా చేయు మనవి యొక్కటియే. సీసాను కొని తెచ్చి యిచ్చుటతో తృప్తినొందక, ఎమ్మెస్సీ ప్రయోగపాఠములలో ఈ మాంసకృత్తు తయారీని చేర్చుడు. తాను చేతులార పండించి, శుద్ధిచేసి, మడచిన కీమోకైను వైపునకు తెల్లకణము పొరను దాటి ప్రాకివచ్చుట కన్నులార చూచిన విద్యార్థి, ఆ పిమ్మట పరదేశపు చీటీకై ఎదురుచూడడు.