ఇరవైరెండు గుర్రాలతో సరస్సును వెతుక్కుంటూ

నాలుగు రోజులు ఊరికి వెళ్ళి రావాలంటేనే మనకి సర్దుళ్ళు ఓ పట్టాన తెమలవు. దుప్పట్లు పెట్టామా, మంచినీళ్ళ చెంబు పెట్టామా, దారిలో పిల్లలకి పెట్టడానికి ఏం చేశాం అనుకుంటూ పెట్టె మూడుసార్లు మూసి నాలుగుసార్లు తీస్తాం. అలాంటిది ఒకావిడ నాలుగు నెలలకి కావలసిన సంసారమంతా మూటలు కట్టి, గుర్రాల వీపున వేసి, దుకాణమన్నది లేని అడవుల్లోకి వెళ్ళింది. ఒక్కసారి కాదు, మళ్ళీ మళ్ళీ వెళ్ళింది. ఆవిడ కథ ఈవేళ మీకు చెప్పాలనిపించింది.

ఆవిడ పేరు మేరీ షాఫర్. 1861లో అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలో పుట్టింది. కలిగిన కుటుంబం. వాళ్ళది క్వేకర్ మతశాఖ. చిన్నప్పటినుంచి పువ్వుల బొమ్మలు వెయ్యడం నేర్చుకుంది. 1889లో స్నేహితురాలితో కలిసి కెనడాలోని రాకీ పర్వతాలు చూడబోయింది. అప్పటికి ఆ కొండల మధ్యనుంచి రైలుమార్గం పడి నాలుగేళ్ళే అయింది. అక్కడే చార్లెస్ షాఫర్ అనే డాక్టరు పరిచయమయ్యాడు. ఆయనకి వృక్షశాస్త్రమంటే ప్రాణం. పెళ్ళి చేసుకున్నారు. ఏటేటా వేసవికి ఆ కొండలకే వెళ్ళేవారు. ఆయన కొండపూలు సేకరించేవాడు, ఈవిడ వాటికి రంగులతో బొమ్మలు వేసేది, ఫోటోలు తీసేది.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ మేరీ రైలుస్టేషను పక్క హోటలు దాటి ఎక్కువ దూరం వెళ్ళింది లేదు. ఆమెకు గుర్రమంటే భయం, ఎలుగుబంటి అంటే మరీ భయం. గుడారాల్లో పడుకోవడం భర్తకీ ఇష్టం లేదు, ఆరోగ్యమూ అంతంతమాత్రం. పైగా, ఆ రోజుల్లో కొండలెక్కేది, కొత్త దారులు కనిపెట్టేది మగవాళ్ళు. వాళ్ళు తిరిగివచ్చి చూసిన వింతలు చెబుతుంటే ఆడవాళ్ళు హోటలు వరండాలో చేతులు కట్టుకుని కూర్చుని వినాలి. వినీ వినీ విసుగెత్తిపోయామని మేరీ తర్వాత తన పుస్తకంలో రాసుకుంది. వంటింటి గుమ్మంలో నిలబడి ముందుగదిలో కబుర్లు విన్నవాళ్ళకి ఆ విసుగేమిటో ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

1903లో భర్త పోయాడు. కొద్దికాలంలోనే తల్లీ, తండ్రీ కూడా పోయారు. నలభైరెండేళ్ళ వయస్సు, పిల్లలు లేరు. అంతవరకు డబ్బు లెక్కలు చూసుకోవలసిన అవసరం రాని మనిషి, ఉన్నదాన్ని జాగ్రత్తచేసుకోవడం అప్పుడు నేర్చుకుంది. భర్త సగంలో వదిలిన పూలమొక్కల పుస్తకాన్ని పూర్తిచెయ్యాలని పట్టుబట్టింది. మొక్కల వివరాలు స్టూవర్డ్‌సన్ బ్రౌన్ అనే శాస్త్రజ్ఞుడు రాస్తే, బొమ్మలూ ఫోటోలూ ఆవిడవి. 1907లో ఆ పుస్తకం వచ్చింది. దానికోసం రైలుకట్ట దాటి లోపలికి వెళ్ళక తప్పలేదు. బిల్లీ వారెన్ అనే యువకుడు దారి చూపించడానికి కుదిరాడు. గుర్రమెక్కడం, అడవిలో నిద్రపోవడం అతని దగ్గరే నేర్చుకుంది. నేర్చుకున్న కొద్దీ భయం తగ్గింది. పువ్వుల పని అయిపోయినా అడవిమీద మోజు మాత్రం తీరలేదు.

ఇక్కడ గుర్రాలతో బసచెయ్యడమంటే ఏమిటో కాస్త చెప్పాలి. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఆసక్తిగా తోచింది ఇదే. మనిషికో గుర్రం స్వారీకి. మిగిలినవన్నీ బరువులకి. ఒక్కో గుర్రంమీద నూటయాభై, రెండువందల పౌన్ల బరువు వేస్తారు. అటూ ఇటూ మూటలు సరిసమానంగా తూగాలి. తూగకపోతే జీను పక్కకి జారి గుర్రం వీపు ఒరుసుకుపోయి పుండవుతుంది. పుండైన గుర్రం ఇక బరువు మొయ్యదు. దాని బరువు తక్కినవాటిమీద పడుతుంది. అందుకని మూటలమీద తాడుతో ఒక ప్రత్యేకమైన ముడి వేస్తారు. పైనుంచి చూస్తే ఇస్పేటు, కళావరుల పక్కన ఉండే డైమను ఆకారంలో ఉంటుంది. ఆ ముడి వెయ్యడం వచ్చినవాడికే అక్కడ ఉద్యోగం.

గోధుమపిండి, ఉప్పువేసి ఊరబెట్టిన పందిమాంసం, చిక్కుడుగింజలు, ఎండబెట్టిన పళ్ళు, పంచదార, టీ, కాఫీ... ఇవీ ముఖ్యమైన దినుసులు. వంతెనలు లేవు. నదులు అడ్డొస్తే గుర్రాలు ఈదాలి. పిండిబస్తా తడిస్తే? మొదట్లో నేనూ అయ్యో అనుకున్నాను. కానీ పిండి తడిసినప్పుడు పైపొర ముద్దై గట్టిపడి, లోపలికి నీరు దిగకుండా అదే అడ్డుకుంటుంది. పంచదార తడిస్తే మాత్రం చేసేదేమీ లేదు. నిప్పుపెట్టెలు తడిస్తే మరీ కష్టం.

సాయంత్రం అయ్యేసరికి మూడు వస్తువులు ఒక్కచోట దొరకాలి. నీళ్ళు, కట్టెలు, గుర్రాలకి గడ్డి. మనుషులకి నచ్చిన చోటు కాదు, గుర్రాలకి మేత ఉన్న చోటే బస. జీనులు విప్పి, దూరం పోకుండా ముంగాళ్ళకి బంధం వేసి, రాత్రంతా మేతకి వదిలేస్తారు. పెద్దరికం గల గుర్రం మెడలో గంట కడతారు. తక్కినవి దాన్ని విడిచి పోవు. తెల్లవారుజామున ఆ గంట చప్పుడు పట్టుకుని వెళ్ళి అన్నిటినీ తోలుకురావాలి. బంధం ఉన్నా గెంతుకుంటూ వెనక్కి, వచ్చిన దారినే మైళ్ళకొద్దీ పోయే గడుసువీ ఉంటాయి. ఆ పూటకి ప్రయాణం ఆగినట్టే. మేరీ తన గుర్రం నిబ్స్ గురించి రాస్తే, ఇంట్లో మనిషి గురించి రాసినట్టే ఉంటుంది.

1907 వేసవిలో ఆవిడా, ఆవిడ స్నేహితురాలు మేరీ ఆడమ్సూ కలిసి పెద్ద యాత్రకే బయలుదేరారు. ఆడమ్స్ న్యూయార్కులో భూగర్భశాస్త్రం చెప్పే టీచరు. మోలీ అని పిలిచేవారు. వారెనూ, అతని మిత్రుడు సిడ్ అన్విన్ అనే ఇంగ్లీషువాడూ తోడు. ఇద్దరు స్త్రీలు పరాయి మగవాళ్ళతో నెలలకొద్దీ అడవిలోనా అని బంధువులు ముక్కున వేలేసుకున్నారట. స్టోనీ అనే ఆదివాసి తెగవాళ్ళ నోట ‘చాబా ఇమ్నే’ అన్న మాట వీళ్ళు విన్నారు. బీవరు సరస్సు అని అర్థం. నీటివాగులకి అడ్డంగా కొమ్మలతో కట్ట కట్టే జంతువే బీవరు. ఆ సరస్సు ఎక్కడో ఉత్తరాన ఉందన్నారు. వేసవంతా వెతికినా కనబడలేదు. మంచు పడడం మొదలయ్యాక వెనక్కి తిరిగారు.

ఆ తిరుగుప్రయాణంలో కూట్నే మైదానం దగ్గర స్టోనీ కుటుంబాలు మకాం వేసి ఉన్నాయి. వాళ్ళలో సామ్సన్ బీవర్, అతని భార్య లేయా, చిన్నపిల్ల ఫ్రాన్సిస్ లూయీస్ ఉన్నారు. ఆ పిల్ల ఆడుకోవడానికి వీళ్ళు గుడ్డతో బొమ్మ చేసి ఇచ్చారు. ఆదివాసులు ముంగులు, మందమతులు అనేవాళ్ళు ఒక్కసారి వచ్చి ఆ ఆడవాళ్ళ నవ్వులూ కబుర్లూ వినాలని మేరీకి అనిపించింది. సరస్సు సంగతి సామ్సన్‌ని అడిగితే, తనకి పధ్నాలుగేళ్ళప్పుడు తండ్రి వెంట వేటకి వెళ్ళి చూశానన్నాడు. చూసి పదహారేళ్ళయింది. అయినా కాయితం తీసుకుని కొండలు, వాగులు, కనుమలు గుర్తుపెట్టి దారి గీసి ఇచ్చాడు. అప్పటికి ఆ ప్రాంతానికి ప్రభుత్వం దగ్గర కూడా సరైన పటం లేదు.

ఆ యాత్రనుంచి తిరిగొస్తున్నప్పుడే ఒక తమాషా జరిగింది. ‘జంగిల్ బుక్’ రాసిన కిప్లింగ్ ఆ ఏడే కెనడా చూడవచ్చాడు. బగ్గీలో పోతుంటే, ఎండకి కమిలిన మొహంతో, తోలుకోటు వేసుకుని, మగవాడిలా అటో కాలూ ఇటో కాలూ వేసి గుర్రమెక్కిన స్త్రీ, మూటల గుర్రాన్ని అదిలిస్తూ ఎదురొచ్చింది. ఆదివాసి స్త్రీ అనుకున్నాడు. ఆ సాయంత్రం పెద్ద హోటల్లో చక్కగా తలదువ్వుకుని, మంచి గౌను వేసుకుని ఫోటోలు చూసుకుంటున్న దొరసాని కళ్ళు చూస్తే అవే కళ్ళు! ఆ సంగతి తన ప్రయాణలేఖల్లో రాశాడు.

1908 జూన్‌లో మళ్ళీ బయలుదేరారు. ఈసారి ఆరుగురు మనుషులు, ఇరవైరెండు గుర్రాలు, మగ్గిన్స్ అనే కుక్క. స్టూవర్డ్‌సన్ బ్రౌన్ మొక్కలకోసం వచ్చాడు. వంటకి మరో మనిషి. చేతిలో సామ్సన్ గీసిన కాయితం. ఊబినేలల్లో గుర్రాలు పొట్టలదాకా దిగబడ్డాయి. కనుమల్లో మంచు ఇంకా కరగలేదు. గుడ్లగూబ అని అర్థం వచ్చే పొబోక్టాన్ అనే వాగు పట్టుకుని పైకి పోయి, కొండదాటి అవతలి లోయలో దిగారు. రోజులు గడుస్తున్నాయి, సరస్సు జాడ లేదు. దారి తప్పామా, పిల్లవాడుగా చూసినది ఇతనికేం గుర్తుంటుంది అని అనుమానాలు మొదలయ్యాయి.

జూలై 7న సాయంత్రం సిడ్ అన్విన్ ఇక ఉండబట్టలేక ఎదురుగా ఉన్న కొండెక్కి చూసొస్తానని ఒంటరిగా వెళ్ళాడు. చీకటిపడినా రాలేదు. ఆడవాళ్ళు నెగడు దగ్గర కూర్చుని ఎదురుచూశారు. రాత్రి పదిన్నరకి అలసిపోయి వచ్చి, సరస్సు కనిపించిందన్నాడు. మర్నాడు, జూలై 8న, చెట్ల మధ్యనుంచి ఒడ్డుకి దిగారు. పదహారేళ్ళ కిందటి జ్ఞాపకంతో గీసిన పటం నిజమే అయింది.

అదే మలీన్ సరస్సు. ఇరవైరెండు కిలోమీటర్ల పొడుగు, చుట్టూ హిమానీనదాలు వేళ్ళాడే శిఖరాలు. గుర్రాలని ఒడ్డున పచ్చికలో వదిలేసి, మగవాళ్ళు చెట్లు కొట్టి దుంగలతో తెప్ప కట్టారు. దానికి ‘చాబా’ అని పేరుపెట్టి, గుడారాలూ తిండీ వేసుకుని సరస్సులోకి వెళ్ళారు. సరస్సు మధ్యలో సన్నబడే చోటు దాటేసరికి అసలు అందం కనిపించింది. అంతవరకు చూసిన కొండలన్నీ దాని ముందు దిగదుడుపే అనిపించిందట. ఒడ్డు శిఖరాలకి అన్విన్, వారెన్, సామ్సన్, లేయా పేర్లు పెట్టింది. తిరుగుదారిలో సరస్సునుంచి పారే నది వెంట కిందికి దిగుదామని చూస్తే కూలిన చెట్లు అడ్డొచ్చాయి. వచ్చిన దారినే పోవలసివచ్చింది.

ఈ సరస్సును మేరీ షాఫర్ కనిపెట్టిందని చాలా చోట్ల రాస్తారు. నాకది పూర్తిగా సమ్మతం కాదు. 1875లోనే రైలు సర్వేకి వచ్చిన హెన్రీ మెక్లాయిడ్ అక్కడికి చేరాడు. కాళ్ళు పుళ్ళుపడి విసుగుతో దానికి ‘పుండుకాళ్ళ సరస్సు’ అని పేరుపెట్టి వెళ్ళిపోయాడు. అంతకుముందు ఎన్ని తరాలనుంచో స్టోనీవాళ్ళు అక్కడ వేటాడుతున్నారు. మేరీకి ఆ తెలివిడి ఉంది కాబట్టే పుస్తకానికి ‘కెనడా రాకీ పర్వతాల్లో ఆదివాసుల పాతదారులు’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టింది. సామ్సన్ పేరు దాచలేదు.

సరస్సు చూశాక అదే యాత్రలో అథబాస్కా లోయకి దిగినప్పుడు లూయీ స్విఫ్ట్ అనే రైతు ఇంటికి చేరారు. అతని భార్య సుజెట్ మెటీ స్త్రీ. ఐరోపా వంశమూ ఆదివాసి వంశమూ కలిసిన జాతిని మెటీలంటారు. ఆవిడ మంచం కిందనుంచి పెట్టె లాగి, తోలుమీద తాను కుట్టిన పట్టుపువ్వుల పని ఒక్కొక్కటే తీసి చూపించింది. నెలలతరబడి మరో స్త్రీ మొహం ఎరగని ఇద్దరు స్త్రీలూ, కుట్టుపని చూపించుకునేందుకు మనిషి లేని ఆ ఇల్లాలూ! ఆ పూట ఆ గుడిసెలో ఎలా గడిచిందో మీరే ఊహించుకోండి.

కానీ ఆ లోయని అప్పటికే, 1907లోనే, జాస్పర్ పార్కుగా ప్రకటించేశారు. 1909, 1910 నాటికి అక్కడి మెటీ కుటుంబాలకి కట్టుకున్న ఇళ్ళకీ దొడ్లకీ ఏదో పరిహారం ఇచ్చి వెళ్ళగొట్టారు. స్విఫ్ట్ ఒక్కడు మొండికెత్తి నిలబడ్డాడు. అడవిని కాపాడాలంటే అక్కడే పుట్టి పెరిగినవాళ్ళని ఖాళీ చేయించాలని పెద్దలకి ఎందుకు తోచిందో! మేరీ వంటివాళ్ళ రాతలూ ఫోటోలూ చూసే టూరిస్టులు వచ్చారు. ఆ అందమైన ఫోటోలకి ఈ రెండో పక్క కూడా ఉంది. అది చెప్పకుండా ఆవిణ్ణి పొగడడానికి నాకు నోరు రాలేదు.

ఆ యాత్ర అయిన కొద్దినెలలకి ఇద్దరు స్నేహితురాళ్ళూ జపాను చూడబోయారు. అక్కడ మోలీ న్యుమోనియాతో చనిపోయింది. మేరీ రాకీ కొండలకి తిరిగొచ్చింది. పుస్తకం 1911లో వచ్చింది. ఆ సంవత్సరమే కెనడా భూగర్భ సర్వే శాఖవారు మలీన్ సరస్సును కొలిచి పటం గీయమని ఆవిణ్ణే అడిగారు. సర్వే చదువు చదివిన మనిషి కాదు, యాభయ్యో ఏడు. సరేనంది. సోదరుడి భార్యనీ, ఆమె చిన్నకొడుకునీ కూడా వెంటబెట్టుకుపోయింది. పడవకి కావలసిన చెక్కని ముక్కలుచేసి గుర్రాల మీదే తీసుకుపోయారు. సరస్సు కొలిచింది, పటం గీసింది. ఆ ఏడే పార్కు హద్దులు కుదించేసరికి సరస్సు బయటపడింది. దాన్ని తిరిగి లోపలికి తేవాలని పోరినవాళ్ళలో ఆవిడా ఉంది. తర్వాత హద్దులు మళ్ళీ పెంచారు.

1915లో, తనకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడైన బిల్లీ వారెన్‌ని పెళ్ళిచేసుకుని బాన్ఫ్ ఊళ్ళో స్థిరపడింది. సిడ్ అన్విన్ మొదటి ప్రపంచయుద్ధంలో 1917లో చనిపోయాడు. మేరీ 1939లో పోయింది. ఇప్పుడు మలీన్ సరస్సుదాకా మోటారురోడ్డు ఉంది. ఒడ్డున ఆవిడ పేరుమీద కాలిబాట ఉంది.

ఒక్కమాట మర్చిపోయాను. 1911లో పడవచెక్క మోసుకుపోతుంటే కనుమలో గుర్రాలు నడవలేనంత మంచు అడ్డొచ్చింది. తవ్వడానికి పారలు లేవు. దారి చూపించేవాళ్ళు చెట్టు నరికి, అక్కడికక్కడే కొయ్యతో పారలు చెక్కి, మంచు తవ్వి, గుర్రాలని ఒక్కొక్కటే దాటించారు. పని అయ్యాక ఆ కొయ్యపారలని అక్కడే నిలబెట్టి వచ్చారు. ఆ కనుమకి ఇప్పటికీ పారకనుమ అనే పేరు.