ఆమడకెన్ని గడియలు?

దారిన పోవు మనిషిని ఆపి, "ముందున్న ఊరు ఎంత దూరము?" అని అడిగినచో, కరీంనగరు, ఆదిలాబాదు పల్లెలలోని పెద్దలు పూర్వము మైళ్ళు చెప్పెడివారు కారు. "రెండు గడియల తొవ్వ" అని ఒకరు, "పొద్దుగూకక ముందే చేరుతవు" అని మరియొకరు అనెడివారు. అడిగినది దూరము, చెప్పినది కాలము. పట్టణవాసికి ఇది దాటవేత సమాధానముగా తోచవచ్చును. కాని బాటసారికి కావలసినది ఇదే. చీకటి పడకముందు నీళ్ళున్న చోటికి, నలుగురున్న చోటికి చేరగలడా లేదా అన్నదే అతని ప్రశ్న. దానికి మైళ్ళ లెక్క సగము సమాధానము మాత్రమే; తక్కిన సగము అతని కాళ్ళలో ఉన్నది.

దూరమును కాలముగా మార్చి చెప్పవలెనన్న నడక వేగము తెలియవలెను. చేతి గడియారము లేదు, మైలురాయి లేదు. అయినను ఆ లెక్క మనవారికి ఎట్లు తెలిసినది?

వేగము కనుగొనుటకు రెండు సంగతులు చాలును. అడుగు పొడవెంత? నియమితమైన కాలములో ఎన్ని అడుగులు పడును? ఈ రెండింటికిని పూర్వులు శరీరమునే కొలబద్దగా గ్రహించినారు. బెత్తెడు, జాన, మూర, బార - ఇవన్నియు ఒంటిమీది కొలతలే గదా! మూరకు 18 అంగుళములని సామాన్యముగా లెక్క. నడివయసు మనిషి తొందరపడక నడచునప్పుడు వేయు అడుగు సుమారు 27 అంగుళములుండును, అనగా మూరన్నర. పొడగరి అడుగు పెద్దది, కాని అతని మూరయు పెద్దదే. కనుక ఎవరి మూరతో వారి అడుగును కొలుచుకొన్నను ఈ మూరన్నర లెక్క అంతగా తప్పదు. ప్రతి మనిషి తన కొలబద్దను తనతోనే మోసికొని పోవుచున్నాడు.

12వ శతాబ్దిలో భాస్కరాచార్యుడు రచించిన లీలావతిలో నాలుగు హస్తములు దండమనియు, రెండువేల దండములు క్రోశమనియు, నాలుగు క్రోశములు యోజనమనియు ఉన్నది. హస్తము మన మూర; క్రోశము మన క్రోసు; యోజనము మన ఆమడ. అట్లయిన క్రోసునకు 8,000 మూరలు. మూరన్నర అడుగు వేయువానికి ఇది 5,333 అడుగులు. నిమిషమునకు 110 అడుగులు పడునట్టి నడకలో, అది 48 నిమిషముల పైచిలుకు. గడియకు 24 నిమిషములు గనుక, క్రోసునకు సరిగా రెండు గడియలు! ఆమడకు నాలుగు క్రోసులు, ఎనిమిది గడియలు. జామునకు ఏడున్నర గడియలు. అనగా జాము పొద్దులో ఆమడ నడక, ఒక అరగడియ అటునిటు.

క్రోసును నిర్ణయించినవారు నడకను దృష్టిలో ఉంచుకొనియే నిర్ణయించినారని ఈ లెక్కవలన నాకు తోచుచున్నది. ఇది నా ఊహయే కాని శాస్త్రవాక్యము కాదు. వేయి దండములకే క్రోశమన్న గ్రంథములును కలవు. ఆమడ సైతము ఒక సీమలో ఎనిమిది మైళ్ళు, మరియొక సీమలో పది మైళ్ళు. కాని కాళ్ళతో కొలుచు కొలత కొంత సాగుట, కొంత ముడుచుకొనుట సహజమే గదా! గట్టినేల మీది క్రోసు, గుట్టల నడిమి క్రోసు బాటసారికి సమానములు కావు.

ఇక కాలము. రాజద్వారములలో, దేవాలయములలో గడియను కొలుచుటకు నీళ్ళ గంగాళములో రాగిగిన్నెను తేలవిడిచెడివారు. దాని అడుగుననున్న సన్నని బెజ్జముగుండ నీరు ఎక్కి, గిన్నె మునిగినంతసేపు గడియ. అప్పుడు గంట కొట్టెడివారు. గడియారమన్న మాటలో నేటికిని ఆ గడియ నిలిచియున్నది. కాని బాటసారి గంగాళమును నెత్తిన పెట్టుకొని నడువలేడు. అతనికి పగలు పొద్దు, రాత్రి చుక్కలు ఆధారము. పొద్దు బారెడెక్కినది, నడినెత్తికి వచ్చినది, వేగుచుక్క పొడిచినది - ఇవి పెద్ద కాలములను చెప్పును. చిన్న కాలమునకో?

దీనికి సమాధానము ఆర్యభటుని యొద్ద ఉన్నది. 499లో రచితమైన ఆర్యభటీయమందలి కాలక్రియాపాదమున, గడియలో అరువదవ భాగమైన విగడియను ఆయన రెండు విధముల నిర్వచించినాడు. అరువది గుర్వక్షరములను పలుకునంత కాలము విగడియ. లేక ఆరు ఊపిరులు తీయునంత కాలము విగడియ. మన లెక్కలో ఇది 24 సెకనులు. ఊపిరికి నాలుగు సెకనులు, నిమిషమునకు పదునైదు ఊపిరులు. స్వస్థుడైన మనిషి ఊరక కూర్చున్నప్పుడు తీయు ఊపిరి లెక్కకు ఇది నేటి వైద్యుల మాటతోను సరిపోవుచున్నది. ఛందస్సు నేర్చినవారికి మొదటి విధము ఇంకను సులువు. విద్యున్మాలలో పాదమునకు ఎనిమిదియు గురువులే. పద్యమునకు 32, రెండు పద్యములకు 64. రెండు విద్యున్మాలలను తొట్రుపడక, పరుగెత్తక చదివినచో విగడియ దాటి నాలుగక్షరములు మాత్రము మిగులును.

ఈ విగడియలో ఒక చమత్కారమున్నది. మూరన్నర అడుగు వేయువాడు ఒక విగడియలో పడిన తన అడుగులను లెక్కించి, ఆ సంఖ్యను పదిచే భాగించినచో, గంటకు ఎన్ని కిలోమీటర్లు నడచుచున్నాడో తెలియును. 44 అడుగులు పడినవా, వేగము 4.4 కిలోమీటర్లు. నిక్కచ్చిగా గుణించినచో 4.5 వచ్చును, నూటికి మూడు పాళ్ళ తేడా బాటసారికి లెక్కలోనిది కాదు. ఒక్క హెచ్చరిక: నడచువాడు తన ఊపిరినే లెక్కింపరాదు. నడకలో ఊపిరి వడి హెచ్చును. చెట్టునీడన కూర్చున్న తోడుమనిషి ఆరు ఊపిరులు లెక్కించి చేయెత్తవలెను. ఒంటరివానికి పద్యమే శరణ్యము.

ఇంతకును, ఈ లెక్కకు బాటమీద ప్రాణముతో ముడియున్న కాలమొకటుండెను. హైదరాబాదు నుండి నిర్మల, ఆదిలాబాదుల మీదుగా నాగపురమునకు పోవు దారిని తలచుకొనుడు. మద్రాసు సుప్రీముకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీన మద్రాసు నుండి కాశీయాత్రకు బయలుదేరి, పదునైదు నెలల పైన తిరిగి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరినాడు. నూరుమందికి పైబడిన పరివారము. ఆయన హైదరాబాదు మీదుగా నిర్మల దారిని ఉత్తరమునకు సాగినాడు. ఆయన మరణించిన రెండేండ్లకు, 1838లో అచ్చయిన కాశీయాత్రచరిత్రలో మజిలీ తరువాత మజిలీ, దూరము, ఊరి వసతి, నీటి సౌకర్యము వరుసగా కనిపించును. ఆయన సవారిలో పోయినాడు నిజమే; కాని సవారిని మోసినవారు బోయీలు. కావున ఆ గ్రంథములోని దూరములన్నియు వారి కాళ్ళమీదుగా వచ్చినవే. వారి పేర్లు మనకు మిగులలేదు.

మే నెలలో మద్రాసు విడిచినవారు గోదావరి దాటునాటికి వానకాలము. నల్లరేగడి నేల తడిసినచో అరికాలికి అంటుకొని, పది అడుగులకొకసారి కాలు దులుపుకొననిదే కదలనీయదు. నిర్మల దాటిన పిమ్మట, నేడు మహబూబ్ ఘాటుగా పేరొందిన గుట్టల ఎక్కుడు. నేటి రహదారి లెక్కలో నిర్మలకు ఆదిలాబాదునకు నడుమ సుమారు 80 కిలోమీటర్లు. గంటకు నాలుగున్నర కిలోమీటర్ల నడకకు అది 44 గడియలు. పగటికి ఉన్నవే ముప్పది గడియలు. అందులో మిట్టమధ్యాహ్నపు ఎండకు, వంటకు, పశువుల మేతకు కొన్ని పోవును. కనుక ఎంతటి గట్టివాడైనను దారిలో రెండు రాత్రులు గడుపవలసినదే. ఆ రెండు రాత్రులు ఊరిలో గడచునా, అడవిలో గడచునా అన్నది ఉదయమే వేయవలసిన లెక్క. పెద్దపులులు తిరుగు అడవిలో అరజాము తప్పుట చిన్న తప్పు కాదు.

ఈ దారిలోనే గొలుసుల కొలతవారును నడచినారు. దక్షిణాపథమునంతటిని త్రికోణములుగా కొలిచిన విలియం లాంబ్టన్, హైదరాబాదు నుండి నాగపురమునకు పోవుచు, 1823 జనవరి 20న హింగన్‌ఘాట్‌లో కన్నుమూసినాడు. ఉక్కు గొలుసులు, పెద్ద కోణమాపకములు గల ఆ మహాకార్యము సైతము కాలినడక పైననే సాగినది. మరి గొలుసు పట్టుకొని పోరాని చోట? హిమాలయములకు ఆవల టిబెట్టులో పరదేశి కొలతగాండ్రకు ప్రవేశము లేదు. అప్పుడు సర్వే శాఖవారు నైన్‌సింగ్ అను కుమావూను ఉపాధ్యాయుని అడుగు తప్పక నడచుటకు తీర్చిదిద్దినారు. మైలునకు సరిగా 2,000 అడుగులు. అతని చేతిలోని జపమాలకు 108 పూసలకు బదులు 100 పూసలే. నూరు అడుగులకొక పూస జారవిడుచుచు 1866లో అతడు లాసా నగరమును చేరినాడు. జపము చేయుచున్నాడని చూచినవారు దండములు పెట్టియుందురు!

గుట్టల ఎక్కుడు విషయములో స్కాట్లండు పర్వతారోహకుడు విలియం నేస్మిత్ 1892లో చెప్పిన సూత్రమొకటి నేటికిని వాడుకలో ఉన్నది. సమతలమున గంటకు మూడు మైళ్ళు. ఆపైన ఎక్కిన ప్రతి రెండువేల అడుగుల ఎత్తునకు మరియొక గంట. అనగా నూరు మీటర్ల ఎక్కుడునకు పది నిమిషములు కలుపుకొనవలెను. మహబూబ్ ఘాటు ఎక్కువారికి ఇది సరిపోవునో లేదో ఎక్కి చూచుటయే ఉత్తమము.

నేడు ఈ పని మరింత సులువు. 1956 నాటి చట్టముతో మీటరు పద్ధతి వచ్చి, మైలురాళ్ళ స్థానమున కిలోమీటరు రాళ్ళు నిలిచినవి. ఒక రాతి నుండి మరియొక రాతి వరకు అడుగులు లెక్కింపుడు. కుడికాలు పడినప్పుడు మాత్రమే లెక్కించినచో శ్రమ సగము తగ్గును. వందకొక చింతగింజను ఒక జేబులో నుండి రెండవ జేబులోనికి మార్చుకొన్నచో మరపు ఉండదు. మూరన్నర అడుగువారికి కిలోమీటరునకు సుమారు 1,460 అడుగులు, కుడికాలి లెక్కలో 730. ఇంటిగోడ మీద గడియారమున్నవారు, ఇంటినుండి తెలిసిన దూరమునకు పోయివచ్చి, 60ని కిలోమీటరునకు పట్టిన నిమిషములచే భాగించిన చాలును. పన్నెండు నిమిషములైన గంటకు అయిదు, పదునైదైన నాలుగు. అయిదు కిలోమీటర్ల నడకవానికి గడియకు రెండు కిలోమీటర్లు. ఇది గుర్తుంచుకొనుటకు ఎంత తేలిక!

కరీంనగరు నుండి వేములవాడ రాజరాజేశ్వరుని సన్నిధికి సుమారు 35 కిలోమీటర్లు. 2016లో జిల్లాల విభజన జరిగి వేములవాడ రాజన్న సిరిసిల్ల జిల్లాలో చేరినను, దారి పెరుగలేదు, తరుగలేదు. నాలుగున్నర నడకకు ఇది ఇరువది గడియల లోపు. రాత్రి నాలుగవ జామున బయలుదేరిన పడుచువాడు పొద్దు నడినెత్తికి వచ్చువేళకు గుడి చెరువులో మునుగవచ్చును. పిల్లలను చంకనెత్తుకొన్న తల్లులున్న గుంపు గంటకు మూడున్నర మించదు. వారికి పది గంటలు, నడుమ విశ్రాంతితో సాయంకాలము. గుంపు వేగమును దానిలోని నిదానపు మనిషి నడకతోనే లెక్కింపవలెను. వడిగా నడచువాని లెక్కను నమ్మిన గుంపు దారిలోనే చీలిపోవును.

గుంపు నడకకు, కాల నియమమునకు గల పొత్తు ఆదిలాబాదు గోండులలో మిక్కిలి స్పష్టముగా కానవచ్చును. ఇంద్రవెల్లి చేరువనున్న కేస్లాపూరులోని నాగోబా మెస్రం వంశీయుల దైవము. పుష్య అమావాస్యనాటి పూజకు గోదావరి జలము కావలెను. ఆ జలమును జన్నారం ప్రాంతములోని హస్తినమడుగు నుండియే తేవలెను, పాదరక్షలు లేక నడచియే తేవలెను. అమావాస్యను ఎవరును ఒక పూటయైనను వెనుకకు జరుపలేరు. కావున వారి లెక్క మన లెక్కకు తలక్రిందులు. మనము బయలుదేరిన వేళనుబట్టి చేరు వేళను కనుగొందుము. వారు చేరవలసిన రాత్రినుండి వెనుకకు లెక్కించి, బయలుదేరు దినమును, నడుమ విడిది ఊళ్ళను నిర్ణయింతురు. పరివారములో ముదుసళ్ళుందురు, పడుచువారుందురు. దారిలో అడవి యున్నది, వాగులున్నవి. తరతరములుగా అదే దారి, అవే విడుదులు. తెచ్చిన జలముతో కేస్లాపూరు మర్రిచెట్ల క్రింద వారు దిగునప్పటికి ఆకాశమున సన్నని క్షీణచంద్రుడు మాత్రము మిగిలియుండును.