క్లోనింగ్ పశువులు, వెనుకకు తిరిగిన కణం: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

ఎమ్మిగనూరులో ఏటా జనవరిలో నీలకంఠేశ్వర స్వామి జాతర సందర్భంగా పెద్ద ఎద్దుల సంత జరుగుతుంది. ఆదోని, ఆలూరు పల్లెల నుండి, కర్ణాటక నుండి రైతులు వస్తారు. కొనేవారు పళ్ళు చూస్తారు, సుడులు చూస్తారు, నడిపించి చూస్తారు. మంచి ఎద్దు దొరికితే దానికి సరిజోడు వెదుకుతారు. అయితే విత్తులు కొట్టిన ఎద్దుకు సంతానముండదు. ఎంత మేలైనదైనా దానితోనే దాని వరుస ఆగిపోతుంది. క్లోనింగుకైతే ఒంటిలోని ఒక కణం చాలు. ఈ సంగతి విన్నప్పుడు మన విశ్వాసులు, "శాస్త్రజ్ఞులు కూడా జీవాన్ని సృష్టిస్తున్నారా?" అని అడుగుతారు. ఈ ప్రశ్నకు కాపరి నినాదంతో కాక చరిత్రతో జవాబివ్వాలి.

యాకోబు మంద నుండి డాలీ వరకు

మేలుజాతి పెంపకం బైబిలుకు పరాయిది కాదు. ఆదికాండము 30వ అధ్యాయంలో యాకోబు బలమైన గొర్రెలను ఏర్పరచుకొని తన మందను వృద్ధి చేసుకున్నాడు. అయినా ఆ వృద్ధి దేవుని వలన కలిగిందని 31వ అధ్యాయంలో తన భార్యలతో అతడే చెప్పాడు. మన ప్రాంతంలో నాటు ఎనుములకు ముర్రా దున్నల వీర్యంతో కృత్రిమ గర్భధారణ చేయించడం కూడా ఈ కోవకు చెందినదే. అక్కడ తల్లీ తండ్రీ ఇద్దరూ ఉన్నారు. క్లోనింగులో ఒకే పశువు కణం నుండి పిల్ల పుట్టడం కొత్త.

ఈ మార్గం ఇంగ్లండులో ఒక కప్ప మీదుగా స్కాట్లండులో ఒక గొర్రెకు చేరింది. 1962లో జాన్ గర్డన్ కప్పపిల్ల పేగు కణంలోని కేంద్రకాన్ని, కేంద్రకం పనిచేయకుండా చేసిన అండంలో పెట్టి కప్పలను పుట్టించాడు. 1996 జూలై 5న రోస్లిన్ సంస్థలో ఇయన్ విల్మట్, కీత్ కాంప్‌బెల్ బృందం ఆరేళ్ళ గొర్రె పొదుగు కణంతో డాలీని పుట్టించింది. అలా సిద్ధపరచిన 277 అండాలలో బ్రతికి పుట్టినది ఒక్కటే. 2003 ఫిబ్రవరి 14న డాలీ చనిపోయింది.

కర్నాలు ఎనుములు

మన దేశంలో ఈ పని హర్యానాలోని కర్నాలులో, జాతీయ పాడి పరిశోధన సంస్థలో జరిగింది. ఖరీదైన యంత్రాలకు బదులు సన్నని బ్లేడుతో చేతితోనే అండాన్ని కోసి కేంద్రకాన్ని తీసివేసే పద్ధతిని అక్కడివారు వాడారు. అండాలు కబేళా నుండి తెచ్చిన అండాశయాలలోనివి. 2009 ఫిబ్రవరి 6న సంరూప అనే దూడ పుట్టి కొద్దిరోజులకే చనిపోయింది. అదే సంవత్సరం జూన్ 6న పుట్టిన గరిమ రెండేళ్ళు బ్రతికింది. 2010 ఆగస్టులో పుట్టిన గరిమ-2 చూలు కట్టి, 2013 జనవరిలో మహిమ అనే పెయ్యను ఈనింది. 2023 మార్చిలో అదే సంస్థలో గంగ అనే గిర్ జాతి దూడ పుట్టింది.

వెనుకకు తిరిగిన కణం

2006లో జపానులోని క్యోటో విశ్వవిద్యాలయంలో షిన్యా యమనాకా మరొక తలుపు తెరిచాడు. 24 జన్యువులను పరీక్షించి, వాటిలో నాలుగింటితోనే ఎలుక చర్మకణాన్ని పిండదశ కణంవలె మార్చాడు. 2007లో మానవ కణంతోను ఇది సాధ్యమైంది. 2012లో గర్డన్‌కు, యమనాకాకు కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. దీనికి ముందు, 1998 నుండి, మానవ మూలకణాల కొరకు పిండాలను నాశనం చేయవలసి వచ్చేది. దానికి ఎన్నో మనస్సాక్షులు అభ్యంతరం చెప్పాయి. యమనాకా కూడా సూక్ష్మదర్శినిలో పిండాన్ని చూచినప్పుడు తన కుమార్తెలను తలచుకొని, వేరే మార్గం వెదకాలనుకున్నానని తరువాత చెప్పాడు. అభ్యంతరం విజ్ఞానాన్ని ఆపలేదు, దానికి మరొక దారి చూపింది.

సంఘం చేసిన పని

రోస్లిన్ ఉన్న స్కాట్లండులో చర్చ్ ఆఫ్ స్కాట్లండ్ డాలీ వార్త రాకముందే జన్యుశాస్త్ర నైతికతపై ఒక అధ్యయన బృందాన్ని ఏర్పరచింది. విల్మట్ కూడా అందులో సభ్యుడు. 1997 మే నెలలో ఆ సంఘపు మహాసభ మానవ క్లోనింగును వ్యతిరేకించింది. శాస్త్రజ్ఞునితో ఒక బల్ల దగ్గర కూర్చున్న సంఘం గనుక, దాని మాటకు విలువ కలిగింది. భారతదేశంలోను పునరుత్పత్తి కొరకు మానవ క్లోనింగు చేయడాన్ని భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు నిషేధిస్తున్నాయి.

వేదాంత పరిశీలన

హెబ్రీ బైబిలులో సృష్టించుట అనే అర్థంలో 'బారా' అనే క్రియకు కర్త ఎల్లప్పుడు దేవుడే. పైచరిత్రలో ఎవరూ ఒక్క కణాన్నైనా లేనిదానినుండి కలుగజేయలేదు. కప్పకైనా గొర్రెకైనా ఎనుముకైనా బ్రతికియున్న కణం, ఒక అండం కావలసివచ్చాయి; గొర్రెకు, ఎనుముకు ఒక తల్లి గర్భం కూడా కావలసివచ్చింది. కాబట్టి "సృష్టించారు" అన్న మాట నిలువదు. అచ్చు నకలు అన్నదీ పూర్తిగా నిజం కాదు. క్లోనింగులో పుట్టిన హోల్‌స్టీన్ దూడల మచ్చలు మూలపశువు మచ్చలతో కలియవు.

అయితే ఇది సృష్టి కాదన్నంత మాత్రాన నిర్దోషమైనదని కాదు. మనం మూడు ప్రశ్నలు అడగాలి. మొదటిది, బ్రతకని ఆ 276 ప్రయత్నాలను, వాటి భారం మోసిన తల్లి పశువులను ఎవరు లెక్కిస్తారు? సామెతలు 12:10 నీతిమంతుని లక్షణంగా తన పశువు ప్రాణం ఎడల దయను చెప్తుంది. రెండవది, ఒకే మేలుదున్న రూపంతో మందలన్నీ నిండితే, కరువుకు, రోగానికి తట్టుకునే మన నాటు జాతులు ఏమవుతాయి? ఆదికాండము మొదటి అధ్యాయం జాతుల వైవిధ్యాన్ని దేవుడు మంచిదని చూచిన సంగతిగా చెప్తుంది. మూడవది, దీని ఫలం రెండెనుములు గల కూలి కుటుంబానికి చేరుతుందా, పెద్ద డెయిరీల దగ్గరే ఆగిపోతుందా?

ముగింపు

కరువు సంవత్సరంలో ఆదోని ప్రాంతపు రైతు మొదట అమ్ముకునేది పశువునే. అతనికి పశువు పిల్లల చదువు, వైద్యం, మరుసటి ఏటి సేద్యం. అతని కాపరి ప్రసంగపీఠం మీద నుండి శాస్త్రజ్ఞులను గద్దించినంత మాత్రాన అతనికి మేలు కలుగదు. జరిగినదానిని సత్యంగా తెలుసుకొని, జీవము దేవుని వరమని ప్రకటిస్తూ, ఆ వరాన్ని వాడే విధానంలో బలహీనుని పక్షాన మాట్లాడడమే నేటి కాపరి బాధ్యత.